కర్ణభేరి చిల్లు కొలత: తప్పులతో సహా రాసుకున్న డైరీ

పని ఇది. కర్ణభేరికి పడిన చిల్లు వారం వారం ఎంత పూడుతోందో ఎండోస్కోపు ఫొటోల్లోంచి కొలవాలి. ఆ కొలతను వినికిడి పరీక్ష పక్కన పెట్టి చూడాలి. అసలు ఏది కొలవాలో తేల్చే చోట చెవి బాధ పడ్డవాళ్లు కూడా కూర్చోవాలి. ఇంకెవరైనా ఇలాంటిది తలపెడితే మేం పోగొట్టుకున్న వారాలు వాళ్లకు మిగులుతాయని రాస్తున్నాను. రోగుల ఫలితాలేవీ ఇందులో లేవు. నైతిక కమిటీ అనుమతి రాకుండా ఏ చెవిలోనూ ఏదీ పెట్టకూడదు కాబట్టి కింది కొలతలన్నీ బల్ల మీద తయారుచేసుకున్న నకిలీ చెవివే.

దశ 1: నకిలీ చెవి (వారం 1–3)

9 మి.మీ. లోపలి వ్యాసమున్న సిరంజి గొట్టం, దాని చివర బిగించి కట్టిన రబ్బరు గ్లవ్ ముక్క, అందులో 3 మి.మీ. గుండ్రటి ముక్క తీసే బయాప్సీ పంచ్‌తో పొడిచిన చిల్లు. లెక్క ప్రకారం చిల్లు వైశాల్యం 7.07 చ.మి.మీ., పొర మొత్తం 63.6. అంటే 11.1 శాతం రావాలి. ఫొటోల్లో వైశాల్యం కొలిచే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేరులో చిల్లు అంచు, పొర అంచు గీసి చూస్తే 16 వచ్చింది. మళ్లీ గీశాం. మళ్లీ 16.

రెండు రోజులు సాఫ్ట్‌వేరును తిట్టుకున్నాం. మూడో రోజు ఎవరికో బుద్ధి పుట్టి చిల్లునే భూతద్దం కింద పెట్టి స్కేలుతో కొలిస్తే 3.6 మి.మీ. ఉంది. డోలుకు తోలు లాగినట్టు గ్లవ్‌ను లాగి కట్టాం. పొడవగానే చిల్లు నోరు తెరుచుకుంది. సాఫ్ట్‌వేరు నిజమే చెప్పింది, మేమే నమ్మలేదు.

తర్వాత పారదర్శక ప్లాస్టిక్ షీటు వాడి చూశాం. సాగదు కానీ మెరుస్తుంది. ఎండోస్కోపు వెలుగు పడి చిల్లు పక్కనే ఇంకో తెల్లటి మచ్చ కనబడేది, ఏది చిల్లో ఏది వెలుగో తెలిసేది కాదు. చివరికి ట్రేసింగ్ పేపరు దగ్గర ఆగాం. మెరవదు, సాగదు.

1. ట్రేసింగ్ పేపరును కటింగ్ మ్యాట్ మీద పరచాలి.
2. పంచ్‌ను నిలువుగా ఆనించి తిప్పుతూ నొక్కాలి. ఒక్కసారిగా గుచ్చితే అంచు పీలికలవుతుంది.
3. ముందు చిల్లు, ఆ తర్వాతే గొట్టానికి అతికింపు.
4. పంచ్ మీద అచ్చేసిన సైజు కాకుండా, భూతద్దం కింద మీరు చూసిన సైజే పుస్తకంలోకి ఎక్కాలి.

ఇప్పటిదాకా: పొరలు 41, పారేసినవి 26, గంటలు 33.

దశ 2: కటకం చేసే మోసం (వారం 4)

ఎండోస్కోపు విశాల కోణపు కటకం. దాని ముందు 1 మి.మీ. గళ్ల గ్రాఫ్ పేపరు పెట్టి ఫొటో తీయండి, ఐదు నిమిషాల పని. మా ఫొటోలో మధ్య గడి వెడల్పు 62 పిక్సెళ్లు, అంచు గడి 49. అంటే ఒకే సైజు చిల్లు ఫొటో మధ్యలో పడితే పెద్దదిగా, అంచున పడితే చిన్నదిగా కనబడుతుంది. వైశాల్యంలో తేడా మూడో వంతుకు పైనే. ఈ ఐదు నిమిషాల పని మొదటి రోజే చేయాల్సింది, నాలుగో వారంలో చేశాం.

సరిదిద్దడం పెద్ద కష్టం కాదు. 2 మి.మీ. చదరంగపు గళ్ల కాగితం లేజర్ ప్రింటు తీసి, రకరకాల కోణాల్లో 20 ఫొటోలు తీసి, ఫొటోలను విశ్లేషించే ఓపెన్‌సీవీ సాఫ్ట్‌వేరులోని కాలిబ్రేషన్‌కు (కటకం ఎంత వంకర చేస్తోందో లెక్కగట్టి సరిదిద్దే పనికి) ఇచ్చాం. ఆ తర్వాత మధ్య గడి 62, అంచు గడి 60. చాలు.

ఒక జాగ్రత్త: ఫోకస్ రింగు కదిలితే ఇదంతా మళ్లీ మొదటికొస్తుంది. రింగుకు టేపు చుట్టేశాం.

దశ 3: వాలు (వారం 5–7)

ఈ దశ చదవకుండా దాటకండి. మా పనిలో అసలు తప్పు ఇక్కడే బయటపడింది.

పెద్దవాళ్ల చెవి నాళం సుమారు 25 మి.మీ. పొడవు, 7 మి.మీ. వెడల్పు. కర్ణభేరి దానికి అడ్డంగా, తలుపు మూసినట్టు ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. పైభాగం, వెనకభాగం మనకు దగ్గరగా, ముందు కిందిభాగం లోతుగా. మా సిరంజి గొట్టంలో ఈ వాలు లేదు. అందుకని 7 మి.మీ. గొట్టాన్ని 45 డిగ్రీల్లో కోసి, ఆ కోత మీద పొర అతికించాం. అది 7 × 9.9 మి.మీ. కోడిగుడ్డు ఆకారమైంది. వైశాల్యం 54.4 చ.మి.మీ., అసలు కర్ణభేరికి బాగా దగ్గర. దీని మీద 3 మి.మీ. చిల్లు 13.0 శాతం.

రెండు పొరలు చేశాం. ఒకదానిలో చిల్లు దగ్గరి అంచు వైపు, ఇంకోదానిలో దూరపు అంచు వైపు. ఎండోస్కోపు కొన పొర మధ్య నుంచి 15 మి.మీ. దూరంలో పెట్టి తీస్తే:

దగ్గరి చిల్లు: 18.1 శాతం
దూరపు చిల్లు: 8.6 శాతం

ఒకే పంచ్‌తో పొడిచిన రెండు చిల్లులు. ఒకటి రెండో దానికి రెట్టింపు పైన. కాగితం మీద లెక్క వేస్తే అలాగే రావాలని తేలింది. వాలు పొర మీద ఏ భాగమైనా ఫొటోలో ఆక్రమించే చోటు, దాని లోతుకు ఘనం చొప్పున తగ్గుతుంది. మా రెండు చిల్లుల లోతులు 13, 17 మి.మీ. 17ను 13తో భాగించి ఘనం చేస్తే 2.2.

ఎండోస్కోపును 25 మి.మీ.కు వెనక్కి లాగితే దగ్గరిది 16.0కి దిగింది, దూరపుది 10.3కి ఎక్కింది. ఇక్కడ నాకు చెమటలు పట్టాయి. ఇవాళ 15 మి.మీ. నుంచి, వచ్చే వారం 25 మి.మీ. నుంచి ఫొటో తీస్తే, దగ్గరి అంచున ఉన్న చిల్లు ఒక్క కణం కదలకుండానే మానుతున్నట్టు కనబడుతుంది. దూరపు అంచున ఉన్నది పెరిగినట్టు కనబడుతుంది. చిల్లును కర్ణభేరి వైశాల్యంలో శాతంగా చెప్పడం ఈ రంగంలో మామూలే. ఫొటో ఎంత దూరం నుంచి తీశారో ఇకమీదట ఎవరిదైనా సరే అడగకుండా ఆ శాతాన్ని నమ్మను.

మార్పు: ఎండోస్కోపు గొట్టానికి ఒక కాలర్. చెవి ద్వారం దగ్గర ఆగిపోయి, ప్రతిసారీ కొన ఒకే లోతులో ఉండేలా చూస్తుంది. వాలు వల్ల వచ్చే తప్పును ఇది పోగొట్టదు. ప్రతిసారీ ఒకే తప్పు చేయిస్తుంది. ఒకే చెవిని దానితో దానినే పోల్చడానికి అంతే కావాలి. ఒక చెవినీ ఇంకో చెవినీ పోల్చడానికి మాత్రం ఇది పనికిరాదు, అలాంటి పోలిక మా ప్రణాళికలోంచి కొట్టేశాం.

మొదటి కాలర్ గట్టి ప్లాస్టిక్, అంచు పదును. రెండోది జారిపోయింది.

ఇప్పటిదాకా: పొరలు 88, ఫొటోలు 312, కాలర్లు 2, గంటలు 97.

దశ 4: మొదటి సమావేశం (వారం 8)

ఎనిమిది మందిని పిలిచాం. చిల్లు ఇంకా ఉన్నవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు, వినికిడి యంత్రం వాడేవాళ్లు. పొడవాటి బల్ల, ప్రొజెక్టరు, 22 స్లైడ్లు, గంటన్నర. నేను ఆగిన ప్రతిసారీ అందరూ తలలూపారు. చివర్లో అభిప్రాయ పత్రాలిస్తే ఎనిమిదింటిలోనూ "బాగుంది" అనే రాశారు. రోగులను అడగడానికి మేం తయారుచేసిన ప్రశ్నావళి మీద ఒక్క మార్పూ సూచించలేదు.

గది సర్దుతుంటే ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, తల కొంచెం పక్కకు తిప్పి కుడి చెవి నా వైపు పెట్టి నిలబడ్డారు.

"ఏమీ అనుకోకమ్మా. చెవిటివాడి ముందు శంఖం ఊదారు మీరు. శంఖమైనా కాస్త నయం, గట్టిగా మోగుతుంది."

మర్నాడు అదే గదిలో శబ్దాన్ని కొలిచే మీటరు పెట్టాను. ఏసీ, ప్రొజెక్టరు ఆన్‌లో ఉంటే 57 డెసిబెళ్లు. రెండూ ఆపితే 40. నా గొంతు మీటరు దూరంలో 61. బల్ల చివరి కుర్చీ దగ్గర 52. అంటే అక్కడ కూర్చున్నవాళ్లకు నా మాట కంటే ఏసీ మోతే 5 డెసిబెళ్లు ఎక్కువగా వినిపించింది. మామూలు చెవులున్నవాళ్లకే అది కష్టం. పైగా నేను కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాను. వెలుగు వెనక నుంచి రావడంతో నా పెదాలు కూడా వాళ్లకు కనబడలేదు. వినికిడి మీద పరిశోధన చేస్తూ ఇన్నేళ్లలో నేను ఒక గదిని కొలవడం అదే మొదటిసారి.

ప్రజల పాలుపంచుకోవడాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో వివరించారు. అందులో నాలుగోది సంప్రదింపు, ఆరోది భాగస్వామ్యం. మేం ఆరో మెట్టు మీద ఉన్నామని నిధుల దరఖాస్తులో రాసుకున్నాం. నిజానికి నేల మీదే ఉన్నాం.

దశ 5: రెండో సమావేశం (వారం 10)

ఇవి మార్చాం:

1. ఎనిమిది మందిని నాలుగు, నాలుగుగా రెండు రోజుల్లో పిలిచాం.
2. గుండ్రటి బల్ల. ఎవరికీ ఎవరి ముఖమూ మరుగున పడకూడదు.
3. ఏసీ, ప్రొజెక్టరు ఆపేశాం. స్లైడ్లు తీసేసి, రెండు పేజీల కాగితం వారం ముందే పంపాం.
4. మాటలు అక్షరాలుగా తెర మీద పడే ఏర్పాటు. తప్పులు వస్తాయి, అయినా నయమే.
5. మాట్లాడేవాళ్లు చెయ్యెత్తాకే మాట్లాడాలి.
6. కుర్చీలు మేం వేయలేదు.

ఆరోది అనుకోకుండా జరిగింది. కుర్చీలు సర్దే సమయం దొరకలేదు. వచ్చినవాళ్లు లోపలికి రాగానే ఎవరి కుర్చీ వాళ్లు జరుపుకోవడం మొదలుపెట్టారు. ఎడమ చెవి బాగున్నావిడ గోడకు కుడి భుజం ఆనేలా కూర్చుంది. పెద్దాయన తన ఎడమ పక్క ఎవరూ లేకుండా చూసుకున్నారు. రెండు నిమిషాల్లో, ఎవరూ ఏమీ చెప్పకుండానే, మంచి చెవులన్నీ బల్ల మధ్యకు తిరిగాయి. మొదటి సమావేశంలో మేం పేర్లు రాసిన అట్టలు పెట్టి అందరినీ వరుసలో కూర్చోబెట్టాం.

ఈసారి తలలూపలేదు. వాదించారు.

మా ప్రధాన ఫలితం "చిల్లు మూసుకుందా లేదా" అన్నది. దాని మీద మొదటి దెబ్బ ఒకాయన వేశారు: "నా చెవి కారడం ఆగి రెండేళ్లయింది. చిల్లు అలాగే ఉంది. నాకేం ఇబ్బంది లేదు. మీ లెక్కలో నేను ఫెయిలా?" ఆ వెంటనే ఆపరేషన్ అయిన ఇంకొకావిడ: "నాది పూర్తిగా మూసుకుందన్నారు. ఫోను ఇప్పటికీ ఆ చెవికి పెట్టను. నేను పాసా?"

ఆవిడ చెప్పింది వైద్యంలో వింతేమీ కాదు. కర్ణభేరి మూసుకున్నా దాని వెనకున్న బుల్లి ఎముకల గొలుసు దెబ్బతిని ఉంటే మాట లోపలికి చేరదు. చిల్లు ఎంత పెద్దదైతే వినికిడి నష్టం అంత ఎక్కువ, ముఖ్యంగా మంద్ర స్వరాల వైపు; కానీ చిల్లు ఒక్కటే కారణం కాదు. ఇది మాకు తెలుసు. తెలిసీ ఫారంలో ఒకే గడి పెట్టాం.

అందరికంటే తక్కువ మాట్లాడినావిడ చివర్లో అంది: "తల మీంచి నీళ్లు ఎప్పుడు పోసుకోవచ్చో చెప్పండమ్మా. చెవిలో దూది పెట్టుకుని, తల వంచి, ఎన్నేళ్లయిందో. మీ కాగితంలో నీళ్ల మాటే లేదు."

వెతికాను. 39 ప్రశ్నలు. వినికిడి ఇబ్బందుల మీద 1982 నుంచి వాడుకలో ఉన్న 25 ప్రశ్నల జాబితా, దానికి మేం చేర్చిన 14. నీళ్ల మాట ఎక్కడా లేదు.

కీళ్లవాతం పరిశోధనలోనూ ఇలాగే జరిగింది. ఏం కొలవాలో తేల్చే ఓమెరాక్ట్ సమావేశాలు 1992లో మొదలైతే, రోగులు వాటిలో పాల్గొన్నది 2002లో. వాళ్లు వచ్చాకే అలసట అన్న బాధ కొలతల్లోకి ఎక్కింది. ఇది నేను పాఠంలో చెప్పిన ఉదాహరణ. ఎన్నిసార్లు చెప్పానో.

కాలర్‌ను కూడా వాళ్ల చేతుల్లో పెట్టాం (చెవిలో కాదు). గట్టి అంచును వేలితో తడిమి ఒకాయన, "ఇది లోపలి గోడకు తగిలితే నాకు దగ్గొస్తుంది" అన్నారు. నిజమే. చెవి నాళం గోడలో, గొంతుకు కూడా వెళ్లే వేగస్ నాడి కొమ్మ ఒకటుంది. దాన్ని తాకితే కొందరికి దగ్గు వస్తుంది. లోపల ఎండోస్కోపు ఉండగా దగ్గితే ప్రమాదం. మూడో కాలర్ మెత్తటి సిలికాన్, అంచు గుండ్రం, నాళంలోకి దిగకుండా బయటే ఆగేంత వెడల్పు.

వాళ్లడిగినవన్నీ ఒప్పుకోలేదు. ఇంట్లో ఫోను యాప్‌తో వినికిడి పరీక్ష చేసుకుంటామన్నారు. హెడ్‌ఫోన్ కాలిబ్రేషన్ లేదు, ఇంట్లో చప్పుడు ఎంతో తెలియదు కాబట్టి వద్దన్నాం. కారణం రాసి పంపాం. ఒకరికి నచ్చలేదు, అది కూడా రాసి పెట్టుకున్నాం. ఏ సూచన ఎవరి వైపు నుంచి వచ్చింది, తీసుకున్నామా, లేకపోతే ఎందుకు అన్న పట్టిక ఒకటి మొదటి రోజు నుంచే ఉండాలి. పరిశోధనలో రోగులు ఎలా పాలుపంచుకున్నారో రాయడానికి 2017లో వచ్చిన గ్రిప్2 జాబితా ఇందుకు పనికొస్తుంది.

ఇప్పటిదాకా: సమావేశాలు 3, వాళ్ల సూచనలు 19, తీసుకున్నవి 13, ప్రశ్నలు 39 నుంచి 17కు. గంటలు 151.

దశ 6: ముగ్గురు గీస్తే మూడు చిల్లులు (వారం 11–12)

ముగ్గురం విడివిడిగా 30 ఫొటోల్లో చిల్లు అంచు, పొర అంచు గీశాం. మా అంకెల మధ్య సహసంబంధం (ఒకరి అంకె పెరిగితే ఇంకొకరిదీ పెరుగుతుందా అన్న కొలత, గరిష్ఠం 1) 0.97. ఒకరు కేకు తెద్దామన్నారు. కానీ సహసంబంధం బాగుంటే అంకెలు కలిసినట్టు కాదు. ఒకరు ఎప్పుడూ ఇంకొకరి కంటే 5 ఎక్కువ గీసినా అది 1 దగ్గరే ఉంటుంది. గణాంక శాస్త్రవేత్తలు బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో చెప్పిన పద్ధతి చేశాం: ఇద్దరి సగటు అడ్డంగా, ఇద్దరి తేడా నిలువుగా. తేడాల హద్దులు సగటుకు అటూ ఇటూ 4.1 శాతం పాయింట్లు. 13 శాతం చిల్లు మీద అది చాలా ఎక్కువ.

చిల్లు అంచు దగ్గర గొడవ లేదు. గొడవంతా పొర అంచు దగ్గరే. నిజం చెవిలో నాళం ముందు గోడ ఉబ్బి కర్ణభేరి ముందంచును కప్పేస్తుంది కదా అని నకిలీ చెవిలో మట్టితో ఒక ఉబ్బు పెట్టాం. ఆ కనబడని భాగాన్ని ఒకరు ఊహించి గీశారు, ఒకరు గీయలేదు, నేను ఫొటోకొకలా చేశాను. నియమం పెట్టుకున్నాం: కనబడే అంచు మీద కనీసం ఎనిమిది చుక్కలు పెట్టి, వాటికి దీర్ఘవృత్తం సరిపెట్టాలి, ఎనిమిది దొరకకపోతే ఫొటో పక్కన పెట్టాలి. హద్దులు 1.9కి తగ్గాయి. ఫొటోలు 30లో 4 పోయాయి.

దశ 7: శాతం వద్దు, అంచు నడక కావాలి (వారం 13)

చర్మం మీద పుండు మానేటప్పుడు అడుగున కొత్త కండ పూడుతూ వస్తుంది, దాని మీదుగా పై చర్మం పాకుతుంది. కర్ణభేరి చిల్లుకు అడుగు లేదు, గాలే. అక్కడ పై పొర కణాలే ముందు గాలిలోకి వంతెన వేస్తాయి, మధ్యలోని నారపొర వెనక వస్తుంది, కొన్నిసార్లు రానే రాదు. అందుకే మానిన చోట పొర పలచగా ఉంటుంది. బయటి పొర లోపలి పొరతో కలిసిపోతే అంచు నడక ఆగిపోతుంది. ఆపరేషన్‌లో ముందు ఆ అంచును గీకి పచ్చి చేసేది అందుకే.

కాబట్టి కొలవాల్సింది అంచు ఎంత నడిచిందన్నది. గిల్మన్ 1990లో పుండ్ల కోసం చెప్పిన సూత్రం సరిపోయింది: తగ్గిన వైశాల్యాన్ని రెండు చుట్టుకొలతల సగటుతో భాగించడం.

4 మి.మీ. చిల్లు 3 అయితే: వైశాల్యం 12.57 నుంచి 7.07. తగ్గుదల 44 శాతం. అంచు నడక 0.5 మి.మీ.
2 మి.మీ. చిల్లు 1 అయితే: 3.14 నుంచి 0.79. తగ్గుదల 75 శాతం. అంచు నడక అదే 0.5 మి.మీ.

శాతాలు చూస్తే రెండో చెవి గొప్పగా మానుతున్నట్టు. కణాలు చేసిన పని రెండింటిలో ఒకటే. నిజం చెవి ఫొటోలో మిల్లీమీటరు స్కేలు ఉండదు కాబట్టి మేం అంచు నడకను కర్ణభేరి పొడుగులో భాగంగా రాస్తున్నాం.

వినికిడి వైపు నిర్ణయం చిన్నది: పరీక్ష 5 డెసిబెళ్ల మెట్లలో జరుగుతుంది కాబట్టి ఒక్క మెట్టు తేడాను మార్పుగా లెక్కించం, 10 లేదా పైన ఉంటేనే.

కొత్త ఫారంలో మొదటి పేజీ రోజువారీ గళ్లు: ఇవాళ చెవి తడిగా ఉందా, ఫోను ఏ చెవికి పెట్టారు, తల మీద నీళ్లు పోసుకున్నారా. చిల్లు మూసుకుందా అన్న గడి నాలుగో పేజీకి పోయింది. గణాంకాలు చూసే సహచరుడు దాని మీద ఇంకా అలిగే ఉన్నాడు. తడి రోజుల లెక్కలో ఖాళీ గళ్లు ఎక్కువ వస్తాయని ఆయన భయం. అందులో న్యాయముంది, రెండు వారాలు మేమే నింపి చూస్తే నా కాగితంలోనే మూడు ఖాళీలు.

మొత్తం: పొరలు 121, ఫొటోలు 540, కాలర్లు 4, ప్రశ్నలు 17, గంటలు 204. కమిటీకి పంపిన కాగితాల్లో కాలర్ అంచు బొమ్మ మిల్లీమీటర్లతో సహా కావాలని తిరిగొచ్చింది. నాలుగో కాలర్ సిలికాన్ లోపల బుడగ పడింది. ఐదోదాని అచ్చు బల్ల మీద ఆరుతోంది.